వినిపించకుండా అమ్మిన రికార్డులు: విశాఖలో మూడు రోజులు

ముందే చెప్పేస్తాను. విశాఖపట్నంలో పాత గ్రామఫోన్ రికార్డులు కొనాలనుకునేవాళ్లు, సూది పెట్టి వినిపించనిదే ఒక్క రూపాయి కూడా తియ్యకండి. మేము 6,300 రూపాయలు ఇచ్చి మోసపోయాం. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను. అదే ఊళ్లో ఒక మంచి కచేరీ, ఒక పెద్దాయన ఇంట్లో గడిపిన మూడు గంటలు కూడా దొరికాయి కాబట్టి అవీ చెప్పాలి.

మా మావయ్య గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలంటే ప్రాణం. రేడియోలో నాయుడు గారి పాత రికార్డింగు వచ్చిందంటే ఇంట్లో కుక్కర్ కూడా ఆపేయాల్సిందే. నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టినా పెరిగింది విశాఖపట్నంలోనే. అన్నగారి దగ్గరే ఫిడేలు నేర్చుకున్నారు. అందుకని డిసెంబరులో విశాఖలో కచేరీలు వినాలి, విజయనగరం వెళ్లి ఆయన పాఠాలు చెప్పిన కాలేజీ చూడాలి, వీలైతే ఆయన వాయించిన 78 ఆర్‌పీఎం రికార్డు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డు) ఒక్కటైనా సంపాదించాలి అని మావయ్య గారి కోరిక. మా వారికి సెలవు దొరకలేదు. నేను, మావయ్య గారు, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి బయల్దేరాం. వాడు వచ్చింది బీచ్ కోసం. ఆ సంగతి రైల్లోనే చెప్పేశాడు.

సామర్లకోటలో రత్నాచల్ ఎక్కాం. ముగ్గురికీ 315 రూపాయలు. ప్రయాణం హాయిగా గడిచింది.

ద్వారకానగర్‌లో లాడ్జి ఫోన్లో మాట్లాడుకున్నాను, రోజుకి 1,600 అన్నారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే ఏసీతో 2,100, మూడో మనిషికి పరుపు 400. గది చూస్తామంటే "ముందు అడ్వాన్స్ కట్టండమ్మా, తర్వాత చూడండి" అన్నాడు. ఎండలో మావయ్య గారిని ఇంకో చోటికి తిప్పలేక కట్టేశాను. గది బాగానే ఉంది. కింద ఫంక్షన్ హాలు ఉందన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి పన్నెండూ నలభై దాకా డీజే. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మావయ్య గారు చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద కూర్చునే ఉన్నారు. కిందికి దిగి అడిగితే "పెళ్లి కదండీ, ఒక్క రోజు సర్దుకోండి" అన్నారు. ఒక్క రోజు డబ్బులైనా తగ్గించమంటే వినలేదు. పొద్దున్నే ఖాళీ చేసి మద్దిలపాలెం వైపు వెళ్లిపోయాం. అక్కడ గది ముందు చూపించారు, 1,500, నిశ్శబ్దంగా ఉంది. సంగీతం కోసం వచ్చేవాళ్లు అటువైపే దిగండి, కచేరీలు జరిగే కళాభారతికి దగ్గర.

ఇక రికార్డుల సంగతి. మొదటి రోజు మధ్యాహ్నమే, లాడ్జిలో సామాను పడేసి పాత ఊరి వైపు ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్లాం. ఆటోకి 120. లోపల ఇత్తడి బిందెలు, గోడ గడియారాలు, ఒక మూల రికార్డులు బొత్తులుగా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. అది చూసిన వెంటనే వెనక్కి తిరగాల్సింది. రికార్డులని పుస్తకాల్లాగా నిలబెట్టి పెట్టాలని నాకు అప్పటికి తెలియదు. బరువు మీద పడితే కింద ఉన్నవి వంగిపోతాయి, 78లైతే పగులుతాయి.

దుకాణం ఆయన నాయుడు గారి ఫిడేలు రికార్డు తీసి చేతిలో పెట్టేసరికి మావయ్య గారి మొహం వెలిగిపోయింది. నల్లగా నిగనిగలాడుతోంది. 1,800 అన్నాడు. దాంతోపాటు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి 'బాలాజీ పంచరత్నమాల' ఎల్పీలు, అంటే ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డులు, ఐదు భాగాలూ కలిపి 4,500. ఆ ఎల్పీలంటే నాకు ఆశ. అందులో అన్నమయ్య కీర్తనలకి స్వరాలు కూర్చినవాళ్లలో ఒకరు నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన మా పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టి, విజయనగరంలో చదువుకుని, విశాఖలో స్థిరపడినవారు. 'నానాటి బతుకు'ని రేవతి రాగంలో అంత దిగులుగా, అంత నెమ్మదిగా నడిపించింది ఆయనే. "ఒకసారి వినిపించండి బాబూ" అన్నాను. "మెసీను రిపేరుకి ఇచ్చామమ్మా. కండిసన్ గేరంటీ, నాది పూచీ" అన్నాడు. కవర్లు తీసి చూశాను, ఐదింటిలోనూ రికార్డులు ఉన్నాయి. లేబుళ్లు చదవలేదు. మావయ్య గారు అప్పటికే పర్సు తీశారు. ఆయన మొహం చూశాక బేరం కూడా గట్టిగా ఆడలేకపోయాను.

అటునుంచి అటే పిఠాపురం కాలనీలోని కళాభారతికి, రికార్డుల సంచీతో సహా. విశాఖ మ్యూజిక్ అండ్ డ్యాన్స్ అకాడమీ వాళ్ల ఆడిటోరియం అది. మేము వెళ్లిన రోజు ప్రవేశం ఉచితం. నాకు అన్నిటికంటే నచ్చింది మైకు. మృదంగం గుండెల మీద కొట్టినట్టు కాకుండా, తంబురా కూడా వినపడేంత హాయిగా పెట్టారు. ఆ రోజు ప్రధాన రాగం ఖరహరప్రియ. ఆలాపన ఇరవై నిమిషాలకి పైగా సాగింది. గాత్రం ఎక్కడ విడిచిపెడితే వయొలిన్ అక్కడ మెల్లిగా అందుకునేది. మావయ్య గారు కళ్లు మూసుకుని ఊగుతుంటే మా అబ్బాయి ఫోను జేబులో పెట్టేశాడు. త్యాగరాజ కృతి మొదలయ్యాక "ఎలా లెక్కపెడతారు తాతయ్యా?" అని అడిగాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఆదితాళం వేయించారు, ముందు నాలుగు, తర్వాత రెండు, మళ్లీ రెండు. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి కాఫీకి వెళ్లే అలవాటు చాలా ఊళ్లలో చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఇక్కడ పదిమంది కంటే ఎక్కువ లేవలేదు. విశాఖ శ్రోతలకి నా నమస్కారం.

పక్క సీట్లో ఒక పెద్దాయన. కచేరీ అయ్యాక మా సంచీ చూసి "ఏం కొన్నారు మాస్టారూ?" అని మావయ్య గారిని పలకరించారు. నాయుడు గారి పేరు వినగానే ఆయన కళ్లు మెరిశాయి. "రేపు పొద్దున్న మా ఇంటికి రండి, వేసి విందాం" అన్నారు. ఎంవీపీ కాలనీలో ఇల్లు. అరగంట కూర్చుని వచ్చేద్దామనుకుని వెళ్లాం, మూడు గంటలు ఉండిపోయాం.

ఒక గది నిండా రికార్డులు, అన్నీ నిలబెట్టి. ఒక్కో రికార్డుకి నోటు పుస్తకంలో ఒక వరస, అందులో రాగం, తాళం, కొన్న తేదీ, ఇచ్చిన ధర. మా 78 చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశారు, తర్వాత వెలుతురుకి అడ్డంగా పట్టారు. "అమ్మా, దీన్ని స్పిరిట్‌తో తుడిచారు" అన్నారు. ఈ పాత రికార్డులు లక్కతో చేసేవారట, అందులో రాతిపొడి, నలుపు కోసం మసి కలిపేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. తుడిస్తే పైకి మెరుస్తుంది గానీ సూది నడిచే గాడి అరిగిపోతుంది. ఎల్పీలు వినైల్‌వి కాబట్టి వాటి సంగతి వేరు. తర్వాత అంచు నుంచి లోపలికి ఉన్న సన్నటి వెంట్రుకలాంటి గీత చూపించారు. పగులు. సూది పెడితే తిరిగిన ప్రతిసారీ టక్, టక్. ఆ టక్కుల మధ్య ఎక్కడో దూరంగా ఫిడేలు. మావయ్య గారు ఏమీ అనలేదు. అలా తల దించుకుని కూర్చోవడం మా అత్తయ్య గారు పోయినప్పుడు మాత్రమే చూశాను.

ఎల్పీల్లో మూడో కవరులో ఉన్నది సినిమా పాటల రికార్డు.

పెద్దాయన మా దుఃఖం చూసి లేచి, తన దగ్గరున్న నాయుడు గారి రికార్డు తీశారు. చేత్తో తిప్పే గ్రామఫోన్ అది. ప్రతి వైపుకీ కొత్త ఉక్కు సూది వేశారు. రికార్డులోని రాతిపొడి సూదిని అరగదీస్తుంది, అరిగిన సూదితో ఇంకో వైపు వేస్తే గాడి పాడవుతుందట. కరెంటు ప్లేయర్ ఉన్నవాళ్లు ఎల్పీ సూదితో 78 వేయకండి. 78 గాడి వెడల్పుగా ఉంటుంది, ఎల్పీ సూదికి దాదాపు మూడు రెట్లు లావు సూది కావాలి. ఇంకో సంగతి నాకు అస్సలు తెలియదు. పేరుకి 78 గానీ తొలిరోజుల్లో అన్నీ సరిగ్గా ఆ వేగంతో రికార్డు చేయలేదు. వేగం కాస్త పెరిగితే శ్రుతీ పెరుగుతుంది, మనిషి గొంతు కీచుగా అయిపోతుంది. ఆయన తంబురా పెట్టుకుని, వేగం మార్చే స్క్రూ మెల్లగా తిప్పుతూ, నాదం సహజంగా వినపడే చోట ఆపారు. తెరలు తీసేసినట్టు వినపడింది. ఒక వైపు మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లో రాగం రూపమంతా చూపించాలి, అనవసరమైన ఒక్క సంగతికి కూడా చోటుండదు. మావయ్య గారు మళ్లీ మళ్లీ అడిగి నాలుగుసార్లు వేయించుకున్నారు. ప్రతిసారీ కీ తిప్పింది మా అబ్బాయే. బీచ్ మాట ఎత్తలేదు.

ఆయన శ్రీమతి భోజనం చేసి వెళ్లమన్నారు. ఆవ పెట్టిన అరటికాయ కూర, మెంతి మజ్జిగ. మూడు రోజుల్లో తిన్న మంచి భోజనం అదొక్కటే.

బయల్దేరే ముందు ఆయన ఒక కిటుకు చెప్పారు. లేబుల్ చుట్టూ పాటల్లేని నల్లటి భాగంలో చిన్న నంబరు చెక్కి ఉంటుంది. కవరు మీద ఏముందో కాదు, ఆ నంబరు, లేబుల్ చూసి కొనాలి. కవర్లు మారతాయి గానీ చెక్కిన నంబరు మారదు.

ఆ మధ్యాహ్నమే దుకాణానికి వెళ్లాను. మావయ్య గారు రానన్నారు. "వాడిన సరుకు వెనక్కి తీసుకోమమ్మా" అన్నాడు దుకాణం ఆయన. మూడో భాగం ఏదని అడిగితే "కవర్లో ఏటుందో మాకేటి తెలుస్తాది?" అన్నాడు. నిన్న పూచీ తనదన్న మనిషే. బిల్లు అడిగితే ఇవ్వలేదని మా అబ్బాయి గట్టిగా నిలదీశాక వెయ్యి రూపాయలు తిరిగి ఇచ్చాడు. మిగతా 5,300 పోయినట్టే. బిల్లు లేకుండా కొనడం నా తప్పు, మీరు ఆ తప్పు చేయకండి. రికార్డు రెండు వైపులా ఫోటో తీసుకుని, ధర రాయించుకుని కొనండి.

మూడో రోజు విజయనగరం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు, గంటన్నర. నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు, మగవాళ్లిద్దరికే డబ్బులు. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ ఏడాది విద్యార్థిగా చేరదామని వచ్చిన ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణి, వాయించింది విని వయొలిన్ ఆచార్యుడిగా పెట్టుకున్నారు. ఆ కుర్రాడే వెంకటస్వామి నాయుడు గారు. తర్వాత 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఘంటసాల గారు చదివింది కూడా అక్కడే. మేము వెళ్లేసరికి ఒక గదిలో పిల్లలు సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు సాధన చేస్తున్నారు. మావయ్య గారు వరండాలోనే చెప్పులు విడిచి నిలబడిపోయారు. పది నిమిషాలు అలాగే ఉన్నారు. మేము కదిలించలేదు.

తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా కొన్నాం. అది కూడా రుచి చూపించాకే కొన్నాను.

పగిలిన రికార్డు పారేద్దామా అని అడిగితే మావయ్య గారు వద్దన్నారు. దాన్ని గుడ్డలో చుట్టి, పుస్తకాల బీరువాలో రెండు ఎల్పీల మధ్య నిలబెట్టి పెట్టారు. మొన్న ఆదివారం విశాఖ నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. తన రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించి పంపిస్తానన్నారట. మా అబ్బాయి ఫోన్ లాక్కుని, "అంకుల్, శ్రుతి సరిచూసి ఎక్కించండి" అన్నాడు.