ఎనిమిదేళ్లుగా ఫెమ్ వాడుతున్నాను: ఫెరైట్ బిళ్ల లెక్కలో ఎంత నమ్మొచ్చు?

ఒంగోలులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెప్తాను. మా మైక్రోవేవ్ ల్యాబ్‌కి ఎక్స్ బ్యాండ్ (8 నుంచి 12 గిగాహెర్ట్జ్) సర్క్యులేటర్ ఒకటి మేమే చేసుకుందామని ఎనిమిదేళ్ల కిందట దిగాం. సర్క్యులేటర్ అంటే మూడు దారుల కూడలి. ఒకటో దారిన వచ్చిన సిగ్నల్ రెండో దారికే పోవాలి, రెండో దారిన వచ్చింది మూడోదానికే. ఆ వన్‌వే పని చేసేది మధ్యలో ఉండే ఫెరైట్ (పింగాణీ లాంటి అయస్కాంత పదార్థం) బిళ్ల. పైనా కిందా ఉండే మ్యాగ్నెట్లు దాన్ని ఆ పనికి సిద్ధం చేస్తాయి. బిళ్ల లోపల అయస్కాంత క్షేత్రం ఎంతో తేలకపోతే మిగతా డిజైన్ గాల్లో దీపమే. ఆ లెక్క కోసం ఎక్కించుకున్నది ఫెమ్ 4.2. డేవిడ్ మీకర్ రాసిన ఉచిత ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రామ్.

చూడటానికి పాతకాలపు సరుకులా ఉంటుంది. కానీ నాలుగు జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో కూడా సెకన్లలో జవాబిస్తుంది. ఆకారం గుండ్రంగా ఉంటే సగం కోత గీస్తే చాలు, మిగతాది అదే తిప్పి చూసుకుంటుంది. మ్యాగ్నెట్ మందం 3 మిల్లీమీటర్ల నుంచి 8 దాకా మారుస్తూ లెక్క కట్టమని లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్ట్ రాసి వదిలితే, టీ తాగి వచ్చేసరికి పట్టిక సిద్ధంగా ఉంటుంది. మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

అసలు కష్టం ఫెరైట్ ఏమిటో దానికి చెప్పడంలో ఉంది. మేం వాడేది ఇట్రియం ఐరన్ గార్నెట్, దాని సంతృప్త అయస్కాంతీకరణ (అంతకు మించి అయస్కాంతంగా మారలేని హద్దు) 1780 గాస్. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు పిల్లలు మెటీరియల్ బాక్సులో సాపేక్ష పెర్మియబిలిటీ (ఫ్లక్స్‌ని గాలికంటే ఎన్ని రెట్లు సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె) దగ్గర 15 కొడతారు. అది ఆ గార్నెట్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం, డేటాషీట్‌లో ముందుగా కంటపడే అంకె. సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. బిళ్లలో ఫ్లక్స్ సాంద్రత 2300 గాస్ ఉందనుకోండి. 15తో భాగిస్తే లోపలి క్షేత్రం 153 ఓర్‌స్టెడ్ అని చూపిస్తుంది. నిజానికి సంతృప్తమైన బిళ్లలో 2300 నుంచి 1780 తీసేయాలి, 520 రావాలి. ఓర్‌స్టెడ్‌కి 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున రెజొనెన్స్ (బిళ్ల సిగ్నల్‌ని పీల్చేసుకునే ఫ్రీక్వెన్సీ) కదులుతుంది కాబట్టి ఒక గిగాహెర్ట్జ్ పైనే తేడా! అందుకే ఫెరైట్‌కి బీహెచ్ వక్రం (క్షేత్రం పెరిగేకొద్దీ ఫ్లక్స్ సాంద్రత ఎలా పెరుగుతుందో చూపే గీత) మనమే చేత్తో ఇవ్వాలి: 0.178 టెస్లా దాకా నిట్టనిలువుగా లేచి, ఆపైన గాలి వాలుతో సాగేలా. ఫెమ్ టెస్లాలు, ఆంపియర్ పర్ మీటర్లు అడుగుతుంది, మన డేటాషీట్లేమో గాస్, ఓర్‌స్టెడ్ అంటాయి. ఓర్‌స్టెడ్‌కి 79.58 ఆంపియర్ పర్ మీటర్ అని రాసిన చీటీ నా మానిటర్ అంచున ఇప్పటికీ ఉంది.

ఇక కొలత సంగతి. ఇనుప బల్ల మీద రీడింగ్ మారిపోతోందని, జిగ్గుని (మ్యాగ్నెట్లూ వాటిని పట్టే ఇనుప చట్రమూ ఉన్న అమరికని) చీమకుర్తి నుంచి తెచ్చిన నల్ల గ్రానైట్ ముక్క మీద పెట్టి, ఫెరైట్ తీసేసి, ఖాళీ సందులోకి గాస్‌మీటర్ ప్రోబ్ దూర్చాను. ఫెమ్ చెప్పింది 2140 గాస్. మీటర్ చూపింది 1905. రెండు రోజులు టెన్షన్ పడి మెష్‌ని (లెక్క కోసం బొమ్మని ముక్కలు చేసే వలని) ఇంకా ఇంకా సన్నం చేశాను, మొదటి మూడు అంకెలు కదల్లేదు. చివరికి తప్పంతా నాదేనని తేలింది.

మొదటిది ఎండ. ఏసీ లేని ల్యాబ్‌లో ఆ మధ్యాహ్నం 40 డిగ్రీలు. సిరామిక్ మ్యాగ్నెట్ బలం డిగ్రీకి దాదాపు 0.2 శాతం చొప్పున పడిపోతుంది, నేను వేసిన విలువ 20 డిగ్రీలది. మ్యాగ్నెట్ వేడెక్కితే బలం తగ్గుతుందని ఫెమ్ తనంతట తాను ఊహించుకోదు. ఫెమ్‌లో మ్యాగ్నెట్ బలాన్ని చెప్పే హెచ్‌సీ విలువని 4 శాతం తగ్గిస్తే 2054 వచ్చింది. జనవరిలో ఒక ఉదయం 24 డిగ్రీల దగ్గర అదే జిగ్గు 1968 చూపింది, 1905 కంటే మూడు శాతం పైచిలుకు ఎక్కువ. పదహారు డిగ్రీల తేడాకి అంతే రావాలి, అంటే ఎండ లెక్క సరిపోయినట్టే. గార్నెట్ కూడా వేడికి కొంత తగ్గుతుంది. రెండూ ఒకే వైపు జారడం సర్క్యులేటర్‌కి కలిసొచ్చే విషయం.

మిగిలిన తేడాకి కారణం, రెండోది, యోక్. అంటే మ్యాగ్నెట్లని పట్టి ఉంచి ఫ్లక్స్‌ని తిప్పి తెచ్చే ఇనుప చట్రం. కర్నూలు రోడ్డు పక్క లేత్ షాపులో చేయించిన యోక్ ఇంగ్లిషు సీ అక్షరం ఆకారంలో ఉంది. ఫెమ్ రెండు కొలతల్లోనే ఆలోచిస్తుంది కాబట్టి దాన్ని చుట్టూ మూసిన గిన్నెలా గీశాను. గిన్నెలో ఫ్లక్స్ అన్ని వైపుల నుంచీ తిరిగొస్తుంది, సీలో ఒక్క వైపు నుంచే. దీనికి ఫెమ్‌లో విరుగుడు లేదు, మూడు కొలతల సాఫ్ట్‌వేర్ కావాలి. పైగా లేత్ అతను “ఇనుము ఏదైనా ఇనుమే కదా సార్” అంటూ చేతికందిన ముక్కతో చేసిచ్చాడు. నేను ఫెమ్ మెటీరియల్ లైబ్రరీలోంచి తీసుకున్నది 1010 అనే రకం స్టీలు.

గుండ్రటి యోక్ చేయించుకోగలిగినవాళ్లకి ఫెమ్ చాలు, డబ్బు పెట్టి ఇంకోటి కొనక్కర్లేదు. సిగ్నల్ నష్టం, ఐసొలేషన్ (పోకూడని దారిలోకి సిగ్నల్ ఎంత ఆగిందో చెప్పేది) లాంటివి మాత్రం దీన్ని అడగొద్దు, ఇక్కడ తేలిన లోపలి క్షేత్రాన్ని తీసుకెళ్లి మైక్రోవేవ్ సిగ్నల్‌ని లెక్కకట్టే వేరే ఆర్‌ఎఫ్ సాల్వర్‌కి ఇవ్వాలి. నా సీ యోక్‌కైతే, ఎండ సవరణ అయ్యాక వచ్చిన అంకెలోంచి ఇంకో 7 శాతం కొట్టేస్తున్నాను. ఆ 7 మా జిగ్గుది, మీది మీరే కొలుచుకోవాలి.