హోమ్ అసిస్టెంట్‌ను నాస్‌లోనే నడపాలా, విడిగా పెట్టె కొనాలా?

మా ఫ్లాట్ విశాఖ ఎంవీపీ కాలనీలో. అమ్మానాన్నలు ఉండేది గాజువాకలో, పాత డాబా ఇంట్లో. రెండు చోట్లా లైట్లూ ఫ్యాన్లూ లాంటివాటిని ఒకే చోటి నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరే నడుస్తోంది. మా ఫ్లాట్‌లో అది నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే డిస్కుల పెట్టె) లోపల డాకర్ కంటైనర్‌గా (మిగతావాటితో కలవకుండా విడిగా నడిచే ప్రోగ్రాం మూటగా) ఉంటే, గాజువాకలో అరచేతిలో పట్టేంత విడి పెట్టెలో ఉంది.

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగినాయన అడిగారు. "ఫోటోల కోసం నాస్ కొన్నానండీ. అది ఎలాగూ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. లైట్లూ ఫ్యాన్లూ చూసుకోవడానికి ఇంకో పెట్టె దండగ కదా?" అప్పుడు లిఫ్ట్ దగ్గర నిలబడి సగం జవాబే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

హోమ్ అసిస్టెంట్ 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఇన్‌స్టాల్ చేయడానికి ఒకప్పుడు నాలుగు పద్ధతులుండేవి. వాటిలో రెండింటికి మద్దతు ఆపేస్తున్నట్టు 2025లో ప్రాజెక్టు ప్రకటించింది. ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి, మొత్తం మెషీన్‌ను తన చేతిలోకి తీసుకునే హోమ్ అసిస్టెంట్ ఓఎస్. రెండోది, వేరే మెషీన్‌లో ఒక మూల ఉండే కంటైనర్. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ 8123 పోర్టులోనే తెరుచుకుంటాయి. పెద్ద తేడా యాడ్-ఆన్‌ల దగ్గర, అంటే తోడుగా ఎక్కించుకునే ప్రోగ్రాముల దగ్గర వస్తుంది. ఓఎస్‌లో మాస్కిటో (పరికరాల సందేశాలు చేరవేసేది), జిగ్‌బీ2ఎంక్యూటీటీ (జిగ్‌బీ అనే రేడియోతో మాట్లాడే బల్బులు, సెన్సర్లను కలిపేది), ఈఎస్‌పీహోమ్ (చిన్న సర్క్యూట్ బోర్డులతో సొంత పరికరాలు చేసుకోవడానికి) లాంటివి ఒక్క బటన్‌తో వచ్చేస్తాయి. కంటైనర్‌లో ఆ మెనూయే ఉండదు.

ఇది విని చాలామంది వెనక్కి తగ్గుతారు గానీ, నా ఉద్దేశంలో అంత భయపడాల్సిన పని లేదు. యాడ్-ఆన్‌లు కూడా లోపల కంటైనర్లే. ఓఎస్ వాటిని మన తరఫున నడుపుతుంది, అంతే. నాస్‌లో అయితే ఆ పని మనం చేసుకోవాలి. ఏ కంటైనర్ ఎలా నడవాలో రాసుకునే ఒక కంపోజ్ ఫైల్‌లో హోమ్ అసిస్టెంట్, మాస్కిటో, జిగ్‌బీ2ఎంక్యూటీటీ మూడూ రాసి పెట్టుకుంటే సరిపోతుంది. అందులో మరిచిపోకూడనివి మూడున్నాయి. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను నాస్‌లోని మామూలు ఫోల్డర్‌కు కలపాలి. రీస్టార్ట్ పాలసీని అన్‌లెస్-స్టాప్డ్‌గా (మనం ఆపితే తప్ప దానంతట అదే మళ్లీ మొదలయ్యేలా) పెట్టాలి. నెట్‌వర్క్ మోడ్‌ను హోస్ట్‌గా (నాస్ నెట్‌వర్క్‌నే నేరుగా వాడేలా) ఉంచాలి. మూడోది తప్పితే టీవీ, స్పీకర్, స్మార్ట్ ప్లగ్ ఏవీ వాటంతట అవి కనబడవు. అవి ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి పంపే మల్టీకాస్ట్ సందేశాలు (ఒకేసారి చాలా పరికరాలకు వెళ్లేవి) డాకర్ మామూలుగా వాడే విడి నెట్‌వర్క్ అయిన బ్రిడ్జ్‌ను దాటి లోపలికి రావు. కొత్తవాళ్లు రోజుల తరబడి తల పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

అయితే ఏది మేలో తేల్చడానికి నేను పెట్టుకున్న గీటురాయి యాడ్-ఆన్‌లు కాదు. కరెంటు పోయి తిరిగి వచ్చాక, ఇంట్లో ఎవరూ ఏదీ ముట్టుకోకుండా అంతా దానంతట అదే మళ్లీ మొదలవ్వాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. రోజుల తరబడి చీకట్లో గడిపాం. అంత పెద్ద తుఫాను రాకపోయినా, ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో వాయుగుండం అన్న మాట వినగానే టార్చ్ ఎక్కడుందో చూసుకునే ఊరు మనది.

ఈ గీటురాయి మీద నాస్‌కు మొదట్లోనే మంచి మార్కులు పడతాయి. ఫోటోలు పోకూడదని నాస్‌కు యూపీఎస్ ఎలాగూ పెడతాం. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే కరెంటు పోయిందని యూపీఎస్ నాస్‌కు చెబుతుంది. ఆ సమాచారాన్ని నట్ అనే ఇంటిగ్రేషన్‌తో (అనుసంధానంతో) హోమ్ అసిస్టెంట్ కూడా చదువుకుంటుంది. మా ఇంట్లో కరెంటు పోగానే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఇంటర్నెట్ రౌటర్, ఫైబర్ పెట్టె కూడా అదే యూపీఎస్ మీద ఉంటేనే ఇది సాధ్యం. డిస్కులు రెండూ ఒకదానికొకటి నకలుగా ఉంటాయి. నాస్‌లో ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే, కాన్ఫిగ్ ఫోల్డర్‌కు రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయించుకోవచ్చు. ఏదైనా నియమం రాయడంలో తప్పు చేస్తే నిన్నటి ఫైల్‌ను నిమిషంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. విడి పెట్టెలో ఇవన్నీ మనం విడివిడిగా కూర్చుకోవాలి.

కానీ ఒకసారి ఇదే యూపీఎస్ దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. మేము అరకులో ఉన్న రోజు ఇక్కడ చాలాసేపు కరెంటు లేదు. బ్యాటరీ తగ్గేసరికి నాస్ పద్ధతిగా తన పని ఆపేసుకుంది. యూపీఎస్ పూర్తిగా అడుగంటక ముందే కరెంటు వచ్చేసింది. నాస్ వైపు నుంచి చూస్తే, తనకు వచ్చే విద్యుత్ అసలు ఆగనే లేదు. ఆగి తిరిగొస్తేనే కదా మళ్లీ ఆన్ కావాలని దానికి తెలిసేది! అలా రాత్రంతా మూగగా ఉండిపోయింది. ఇంట్లో ఉన్న అత్తగారు ఫోన్ చేసి "బాబూ, వరండా లైటు వెలగలేదు, తలుపు దగ్గర చీకటిగా ఉంది" అన్నారు. దూరాన ఉండి ఏమీ చేయలేని ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. నాస్ ఆగిపోతూ యూపీఎస్‌ను కూడా ఆపేయమని చెప్పే ఆప్షన్ ఆన్ చేయాలి. దానితోపాటు, కరెంటు తిరిగి రాగానే నాస్ దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ కూడా ఉండాలి. రెండూ ఉంటేనే పని జరుగుతుంది.

విడి పెట్టె ఇక్కడ గెలుస్తుంది. అది 5 వాట్ల ప్రాణి. కరెంటు వస్తే లేస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో పనిలో పడుతుంది. నాస్ లేవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ఉన్నపళంగా ఆగిపోయి ఉంటే డిస్కులు సరిచూసుకుంటూ ఇంకాసేపు నెమ్మదిగా నడుస్తుంది. కరెంటు ఖర్చు చూస్తే, 5 వాట్ల పెట్టె నెలంతా నడిచినా 3.6 యూనిట్లే. నాస్ ఎలాగూ నడుస్తోంది కాబట్టి కంటైనర్ వల్ల పెరిగేదీ కొద్దిగానే ఉంటుంది. ఆ తేడా కోసం నిర్ణయం మార్చుకోనక్కర్లేదు.

విడి పెట్టె అంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కావచ్చు, హోమ్ అసిస్టెంట్ ముందే ఎక్కించి వచ్చే హోమ్ అసిస్టెంట్ గ్రీన్ కావచ్చు, పాత మినీ పీసీ కావచ్చు. రాస్ప్‌బెర్రీ పై కొనేవాళ్లు ఎస్‌డీ కార్డు మీద నడపకండి. హోమ్ అసిస్టెంట్ ప్రతి సెన్సర్ మార్పునూ డేటాబేస్‌లో కొన్ని సెకన్లకోసారి రాస్తూనే ఉంటుంది. కార్డు దానికి తట్టుకోదు. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఇంకా ప్రమాదం. గాజువాకలో నేను మొదట పెట్టిన కార్డు ఒక వేసవిలో అలాగే పోయింది. ఎస్‌ఎస్‌డీ కలపండి. లేదంటే 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉండే మెమరీ) లోపలే ఉన్న గ్రీన్ లాంటిది తీసుకోండి.

అదే రాతపని నాస్‌లో ఇంకో రూపంలో ఇబ్బంది పెడుతుంది. డిస్కులకు నిద్ర ఉండదు. రాత్రి రెండింటికి హాల్లో గరగరమంటూనే ఉంటాయి. డేటాబేస్‌లో రాసే పని చూసే రికార్డర్ సెట్టింగ్‌లో రాసే విరామాన్ని 30 సెకన్లకు పెంచి, అక్కర్లేని సెన్సర్లను తీసేశాక మా ఇంట్లో కొంత తగ్గింది. నాస్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటుంటే కంటైనర్లన్నీ దాని మీదే ఉంచడం ఉత్తమం.

ఇక డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రేడియో) సంగతి. జిగ్‌బీ బల్బులు, తలుపు సెన్సర్లు వాడాలంటే ఒక రేడియో కావాలి. యూఎస్‌బీ డాంగిల్ తెచ్చి నాస్ వెనక గుచ్చితే సరిపోతుందనుకుంటాం. అసలు నాస్‌కు ఆ డాంగిల్ డ్రైవర్ ఉండాలి కదా! నాస్‌లు తయారుచేసే సైనాలజీ కంపెనీ తన ఓఎస్ అయిన డీఎస్‌ఎం 7తో బ్లూటూత్, వైఫై లాంటి యూఎస్‌బీ డాంగిళ్లకు మద్దతు తీసేసింది. జిగ్‌బీ లాంటి సీరియల్ డాంగిళ్లకు బయటి నుంచి డ్రైవర్ మాడ్యూళ్లు తెచ్చి ఎక్కించుకునేవాళ్లున్నారు. నాస్ ఓఎస్ అప్‌డేట్ అయిన రోజు అవి పనిచేయకపోతే ఇల్లంతా ఆగుతుంది. దానికి తోడు నాస్ ఇనప ఒళ్లు, పక్కనే యూఎస్‌బీ 3 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్‌లో చేసే రొద జిగ్‌బీ సిగ్నల్‌ను తినేస్తాయి. నేను డాంగిల్ వదిలేసి, ఈథర్నెట్ కేబుల్‌తో పనిచేసే జిగ్‌బీ కోఆర్డినేటర్ (జిగ్‌బీ పరికరాలన్నిటినీ కలిపే రేడియో) తెచ్చి హాల్ మధ్యలో పెట్టాను. నాస్ ఏ మూలనున్నా పర్వాలేదు, డ్రైవర్ గొడవ లేదు. బ్లూటూత్ సెన్సర్లకు కూడా చిన్న ఈఎస్‌పీ32 బోర్డును ప్రాక్సీగా (వాటి సిగ్నల్ అందుకుని నెట్‌వర్క్ మీదుగా హోమ్ అసిస్టెంట్‌కు చేరవేసేలా) పెట్టుకోవచ్చు. నాస్‌లో కంటైనర్ అనుకున్నవాళ్లు ముందు కొనాల్సింది ఈ కోఆర్డినేటర్‌నే అని గట్టిగా చెబుతాను. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్లు ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉంటారు. ఫ్యానుతో గాలి పీల్చుకునే నాస్‌ను బాల్కనీకి దూరంగా, లోపలి గదిలో పెట్టేయవచ్చు.

మధ్యేమార్గం ఇంకొకటుంది. నాస్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లో కంప్యూటర్ లాంటిది) పెట్టి, అందులో పూర్తి ఓఎస్ నడపడం. యాడ్-ఆన్‌లు వస్తాయి, నాస్ యూపీఎస్ వాడుకోవచ్చు. కానీ దానికొక్కదానికే 2 జీబీ ర్యామ్, 32 జీబీ చోటు కేటాయించాలి. 2 జీబీతో వచ్చిన చిన్న నాస్‌లో ఇది కుదరదు. 8 జీబీ ఉన్నవాళ్లు నిశ్చింతగా ప్రయత్నించవచ్చు.

నాస్‌లో నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక. బయటి నుంచి చూడాలని రౌటర్‌లో పోర్టు తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న నాస్‌లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ పెట్టెలో పిల్లల ఫోటోలున్నాయి. మీ పరికరాలకు మాత్రమే తెరుచుకునే, టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ దారి వాడండి.

ఇన్ని లాభాలుండగా గాజువాకలో నాస్ ఎందుకు పెట్టలేదంటే, అక్కడ నేను లేను. నాన్నగారికి డెబ్బై దాటాయి. అమ్మ మొదటి రోజే "లైటు ఎయ్యడానికి ఫోన్ కావాలేటి?" అని అడిగింది. కంటైనర్ అప్‌డేట్ అంటే కొత్త ఇమేజ్ దించి, పాతది తీసి, మళ్లీ సృష్టించాలి. అది వాళ్ల పని కాదు. ఓఎస్ పెట్టెలో అయితే ముందు బ్యాకప్ తీసుకుని, ఒక్క నొక్కుతో నేను ఇక్కడి నుంచే చేస్తాను. బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కు దానంతట అదే వెళ్తుంది. రేపు పెట్టె పాడైతే ఇంకోటి తెచ్చి ఆ బ్యాకప్ ఎక్కిస్తే సాయంత్రానికి ఇల్లు మామూలవుతుంది.

అక్కడి అసలు పని సంపు నుంచి ట్యాంకుకు నీళ్లు తోడే మోటారు. ఇక్కడ కంటైనరా, పెట్టా అన్నదాన్ని మించిన విషయం ఉంది. మోటారు ఆన్‌లో ఉండగా హోమ్ అసిస్టెంట్ ఆగిపోతే ఎవరు ఆపుతారు? అందుకే 20 నిమిషాల తర్వాత ఆగిపోయే టైమర్‌ను స్మార్ట్ రిలే (నెట్‌వర్క్ ఆదేశంతో పనిచేసే స్విచ్) లోపలే పెట్టాను. కరెంటు పోయి వస్తే రిలే ఆఫ్‌లోనే ఉండేలా చేశాను. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలుకన్నా చాలా రెట్లు ఉంటుంది కాబట్టి, రిలేకు నేరుగా కలపకుండా ఎలక్ట్రీషియన్‌తో మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టించాను. గోడ మీది మీట అలాగే ఉంది. అమ్మ దాన్నే నొక్కుతుంది.

కాబట్టి మా అపార్ట్‌మెంట్ ఆయనకు నా జవాబు ఇది. నాస్, యూపీఎస్ ఇప్పటికే ఉన్నాయి, మీరు ఇంట్లోనే ఉంటారు, కంపోజ్ ఫైల్ అంటే జంకు లేదు. మీకు కంటైనరే మేలు, కోఆర్డినేటర్ మాత్రం ఈథర్నెట్‌ది కొనండి. మీ అమ్మగారింటికి పెట్టాలనుకుంటే మాత్రం విడి పెట్టె తీసుకోండి. నాస్‌లో పెట్టాక, ఒక ఆదివారం యూపీఎస్‌కు కరెంటు ఇచ్చే స్విచ్ ఆపి, నాస్ దానంతట అది ఆగేదాకా చూడండి. ఆగగానే స్విచ్ వేసేయండి. పదిహేను నిమిషాలు ఏదీ ముట్టుకోకండి. ఆ తర్వాత వరండా లైటు వెలగాలి, మోటారు ఉంటే అది ఆఫ్‌లో ఉండాలి.