తొలిసారి స్టీరింగ్ పట్టడానికి ఏది మేలు: బ్రిటనా, అమెరికానా?

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే విశాఖ అమ్మానాన్నల్లో, బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా హాయిగా కారు నడిపేవాళ్లు చాలామందే. అక్కడ మాత్రం పాల ప్యాకెట్‌కైనా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. అలాంటివాళ్లు నడపాలనుకోవడం న్యాయమే.

నన్నడిగితే మొదట బ్రిటన్. మనలాగే ఎడమవైపు ప్రయాణం, కుడివైపు స్టీరింగ్. అమెరికాలో రెండూ తారుమారు. ముందు బండి వెనకాల పోతున్నంతసేపూ ఫర్వాలేదు. పెట్రోల్ బంకులోంచి ఖాళీ రోడ్డెక్కినప్పుడు చెయ్యి అలవాటుగా ఎడమకే తిప్పేస్తుంది. ఎదురుగా ఎవరూ లేనప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

కానీ బ్రిటన్‌లో మన అలవాటే ముంచే చోటొకటుంది: ఫ్రీ లెఫ్ట్. ఇక్కడ సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు వెళ్లిపోతుంటాం. అక్కడ ఎరుపంటే ఎటు తిరగాలన్నా ఆగాల్సిందే. అమెరికాలో బండి పూర్తిగా ఆపి, చూసుకుని, ఎరుపు మీద కుడికి తిరగొచ్చు. వద్దని బోర్డుంటే కుదరదు. న్యూయార్క్ నగరంలోనైతే అనుమతిస్తూ బోర్డుంటేనే తిరగాలి.

బ్రిటన్ రౌండ్‌అబౌట్లలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ముక్కు దూర్చి చోటు సంపాదించే మన పద్ధతి అక్కడ చెల్లదు. అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడళ్లలో ముందొచ్చినవాళ్లు ముందు వెళ్తారు. పసుపు స్కూల్ బస్సు ఎర్రలైట్లు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బళ్లూ ఆగాలి. పసిపిల్లలు రోడ్డు దాటే సమయమది, ఈ ఒక్కటీ మరవొద్దు.

స్పీడు రెండుచోట్లా మైళ్లలోనే. ఎక్కడైనా ఆటోమేటిక్ కారే తీసుకోండి.

లైసెన్సు విషయంలోనూ బ్రిటనే తేలిక. మన లైసెన్సుతో సందర్శకులు 12 నెలల దాకా కారు నడపొచ్చు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. కాలిఫోర్నియాకు మన లైసెన్సు చాలు. కొన్నిచోట్ల ఇంటర్నేషనల్ పర్మిట్ అడుగుతారు. దాన్ని బయల్దేరేముందే ఇక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి తీసుకోవాలి, గడువు ఏడాది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం బ్రిటన్ కఠినం. అబ్బాయి కారే అయినా పాలసీలో మీ పేరు చేర్చకుండా నడిపితే 300 పౌన్ల జరిమానా పడొచ్చు, పోలీసులు కారునూ పట్టుకుపోవచ్చు. అమెరికాలో సాధారణంగా పాలసీ మనిషిని కాక బండిని బట్టి ఉంటుంది. అయినా తాళాలు తీసుకునేముందు అబ్బాయి చేత కంపెనీకి ఫోన్ చేయించండి.