లేజర్‌తో పచ్చబొట్టు పోయింది, మంగు మళ్లీ వచ్చింది

నెల్లూరులో ఒకే క్లినిక్‌లో, ఒకే యంత్రంతో రెండు చికిత్సలు చేయించుకున్నాను. ఒకటి మణికట్టు మీది పచ్చబొట్టుకు, రెండోది చెంపల మీది మంగుకు. రెండూ ముగిసి చాలాకాలమైంది కనుక ఏది నిలిచిందో ఇప్పుడు చెప్పగలను.

యంత్రం పేరు క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్. 1064 నానోమీటర్ల కిరణం నల్ల సిరాను పొడిపొడి చేస్తుంది, ఆ పొడిని ఒంట్లోని రక్షణ కణాలు మెల్లగా మోసుకుపోతాయి. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగమనేది అందుకే. మత్తు క్రీము రాసినా నొప్పి తెలుస్తుంది, కాగిన నూనె చుక్కలు చిందినట్టు. కిరణం తగిలిన చోట చర్మం క్షణంలో తెల్లబడుతుంది, తరువాత పొక్కు కడుతుంది. ఆ పొక్కును గిల్లకుండా ఉండటమే అసలు పరీక్ష! నల్ల అక్షరాలు పూర్తిగా పోయాయి. ఎర్ర పువ్వుకు 532 నానోమీటర్ల కిరణం వాడారు, అదీ పోయింది. ఆకుపచ్చ ఆకు మాత్రం మొండికేసింది. ఆ రంగుకు వేరే రకం లేజర్ కావాలట. చర్మం అక్కడ కాస్త పాలిపోయింది. అయినా నాకు తృప్తే.

మంగు సంగతి వేరు. తక్కువ శక్తితో చేసే 'టోనింగ్' మొదట్లో బాగానే పనిచేసింది, చుట్టాలందరూ మెచ్చుకున్నారు. వేసవి రాగానే మచ్చలు మళ్లీ తేలాయి. సిరా బయటినుంచి వచ్చింది, పోతే పోయినట్టే. మంగుకు రంగు తయారుచేసే కణాలు మన చర్మంలోనే ఉంటాయి; ఎండ, హార్మోన్లు, వేడి వాటిని రెచ్చగొడుతూనే ఉంటాయి. మైపాడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే నాకు 'ఎండలోకి వెళ్లకండమ్మా' అన్న సలహా ఎలా కుదురుతుంది? పైగా మన చామనఛాయ ఒంటికి లేజర్ వేడి ఎక్కువైతే మచ్చ ఇంకా నల్లబడవచ్చు, తెల్ల చుక్కలూ పడవచ్చు. ఈ మాట కౌంటర్‌లో ప్యాకేజీ అమ్మినవాళ్లు చెప్పలేదు, తరువాత చూపించుకున్న డాక్టరుగారు చెప్పారు.

ఇప్పుడు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్, వెడల్పాటి టోపీ, ఆవిడ రాసిచ్చిన క్రీముతోనే మంగు అదుపులో ఉంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీముల జోలికి మాత్రం పోకండి, చర్మం పలచబడుతుంది. మంగుకు లేజర్ చేయించుకోవాలనే ఉంటే ప్యాకేజీ మొత్తం ముందే కట్టకండి, ఏ సిట్టింగుకు ఆ సిట్టింగు చెల్లించండి.