నాయన చేతి వణుకును రెండేళ్లు కొలిచాక: ఫైఫాక్స్ యాప్ గురించి

నాయనది అనంతపురం. పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, కదలికలు మందగించే నరాల జబ్బు) అని తేలినప్పటి నుంచి బెంగళూరులో, మారతహళ్లిలోని మా ఇంట్లోనే ఉంటున్నాడు. మూడు నెలలకోసారి న్యూరాలజిస్టు చూసేది పది నిమిషాలు. ట్రాఫిక్‌లో నలిగి పోతే వణుకు ఎక్కువగా కనపడుతుంది, మాత్ర పట్టిన గంటలో పోతే అసలు కనపడదు. "ఇంట్లో ఎలా ఉంటోంది?" అని డాక్టర్ అడిగితే "ఒక్కోసారి ఎక్కువండీ" అనడం తప్ప నా దగ్గర లెక్క ఉండేది కాదు.

ఫైఫాక్స్ జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఉచిత యాప్. వైద్య పరికరం కాదు, దీంతో జబ్బు ఉందో లేదో తేల్చుకోవద్దు. ఫోన్‌లో కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ అనే సెన్సర్‌ను చదివి, కదలిక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో గ్రాఫ్ గీస్తుంది. చెయ్యి ఊరికే పెట్టుకున్నప్పుడు వచ్చే పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా 4 నుంచి 6 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది. ఫోన్‌ను క్రేప్ బ్యాండేజీతో ముంజేతికి కట్టి, చెయ్యి తొడమీద వదిలేయమన్నా. గ్రాఫ్‌లో 5 దగ్గర గోపురం లేచింది. పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పమంటే ఆ గోపురం ఇంకా ఎత్తుకు పోయింది. మనసుకు పని పడితే ఈ వణుకు పెరుగుతుందని డాక్టర్ చెప్పిన మాటను అప్పుడు కళ్లారా చూశా.

ఫోన్ బరువుకే వణుకు కొంత మారుతుంది. అందుకే రెండేళ్లూ అదే ఫోన్, అదే కట్టు, అదే కుర్చీ. ఆటోలో కొలిస్తే కనిపించేది ఇంజన్ వణుకే.

అసలు మేలు జరిగింది ఎక్సెల్‌లో. పది రోజులు గంటకో నిమిషం కొలిచి, మాత్ర వేసుకున్న వేళల పక్కన అంకెలు పెట్టా. నాయన మాత్రలోని మందు లెవోడోపా. అది రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు గంటన్నర పడుతుంది. ఆ లెక్కన ఒక వంపు గీసి చూస్తే, ఎనిమిదింటి మాత్ర దిగిపోయే పదకొండున్నరకే గోపురం మళ్లీ లేస్తోంది. నాయన ఎప్పటి నుంచో చెబుతున్నదీ అదే: "మాత్ర బాగానే పని చేస్తాంది, మధ్యాన్నం దాకా నిలబడల్యా." డాక్టర్ ఆ కాగితం చూసి మోతాదు పెంచలేదు, చిన్న మోతాదులుగా విడగొట్టి ఎక్కువసార్లు ఇచ్చాడు. పప్పన్నంతో పాటు మాత్ర వేయొద్దన్నాడు, ప్రోటీన్ దాన్ని ఒంటికి పట్టనివ్వదట. ఆ నెల నుంచి నాయన మధ్యాహ్నం కూడా తన చేత్తోనే అన్నం కలుపుకుంటున్నాడు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నాయనను ఎక్కువ కట్టిపడేసేది వణుకు కాదు, మందగించిన కదలిక. అది ఈ గ్రాఫ్‌లో పడదు. దానికి బొటనవేలు, చూపుడువేలు పదిసార్లు కొట్టించి వీడియో తీస్తా, పోనుపోను వేళ్ల మధ్య ఎడం ఎంత తగ్గుతోందో చూస్తా. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పట్టే సమయం రాసుకుంటా. ఆదివారం ఆదివారం సంతకం పెట్టించి, అక్షరాలు చిన్నవి అవుతున్నాయేమోనని స్కేలుతో కొలుస్తా. మొన్న మొదటి అక్షరం 9 మిల్లీమీటర్లు, చివరిది 6.