జాగ్రత్త: కనకాంబరం రంగు చూపించి ఇటుక రంగు అంటగట్టారు

పెళ్లి శుభలేఖల డిజైన్ కోసం ఆన్‌లైన్‌లో ఎవరికైనా అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్లు ఒక్కసారి ఆగి ఇది చదవండి. డిజైనర్ పేరు రాయడం లేదు. పేరు బయటపెడితే రేపు ఇంకో పేరుతో దుకాణం తెరుస్తారు, మోసం చేసే పద్ధతి మాత్రం అదే ఉంటుంది. మనం గుర్తుపట్టాల్సింది ఆ పద్ధతినే.

మా చెల్లికి కనకాంబరం రంగంటే పిచ్చి. కార్డు ఆ రంగులో ఉండాలి, అంచుల్లో గులాబీలు, లిల్లీలు, మధ్యలో లేత ఆకులు, అక్షరాలు బంగారు రంగులో. అంతకు మించి కోరికలేమీ లేవు. డిజైనర్ వాళ్లేమో "రంగులు, పూలు మేమే ఎంచి పెడతాం. పూలు చేత్తో వేసినవే ఉంటాయి, మీ కార్డుకి తప్ప ఇంకెక్కడా వాడం" అన్నారు. అడ్వాన్స్ పడగానే మూడ్ బోర్డ్ వచ్చింది, అంటే కార్డు ఏ రంగుల్లో, ఏ తీరులో ఉండబోతుందో చూపించే నమూనా. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. సాయంత్రపు ఎండలో తీసిన పూల ఫొటోలు, ఓ మూల మడతలు పడ్డ పట్టు గుడ్డ, కింద వరసగా రంగుల గళ్లు, ఒక్కో గడి కింద ఒక నంబరు. ఎవరు చూసినా ఓకే అనేసే బోర్డు అది.

అచ్చై వచ్చిన కార్డు ఇటుక రంగులో ఉంది. ఆకులు బూడిద పట్టినట్టున్నాయి. బంగారు అక్షరాలు మురికి పసుపు. ఫోన్ చేస్తే "స్క్రీన్‌కీ ప్రింట్‌కీ కొంచెం తేడా ఉంటుంది మేడం, అందరికీ తెలిసిందే కదా" అన్నారు. అందరికీ తెలిసిందే అయితే బోర్డు పంపిన రోజే ఆ ముక్క చెప్పాలి. డబ్బు పూర్తిగా ముట్టాక చెప్తే అది సంజాయిషీ కూడా కాదు.

ఆ "కొంచెం తేడా" ఎక్కడి నుంచి వస్తుందో తర్వాత ఒక ప్రెస్‌లో కూర్చుని అర్థం చేసుకున్నాను. స్క్రీన్ రంగుని వెలుతురుతో చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిసి మన కంటిలోకి నేరుగా వస్తాయి. కాగితం మీద అలా కాదు. సయాన్ (ఆకాశనీలం లాంటిది), మజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు సిరాలు కాగితం మీద పడిన వెలుతురులో కొంత మింగేసి మిగిలింది వెనక్కి పంపుతాయి. అందువల్ల స్క్రీన్ మీద మెరిసే కొన్ని రంగులు ఈ నాలుగు సిరాలకు అందనే అందవు. నిగనిగలాడే నారింజ, కనకాంబరం, చిలకపచ్చ, ముదురు నీలం, ఊదా ఇవన్నీ ఆ జాబితాలోవే. నీలం అయితే మజెంటా కాస్త ఎక్కువైనా ఊదాలోకి జారిపోతుంది. నీలం కార్డు వంకాయ రంగులో వచ్చిందని తిట్టుకునే వాళ్లందరి గొడవా ఇదే. ఫైల్‌ని ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ కాంతుల లెక్కలో తయారుచేసి, చివర్లో సీఎంవైకేకి, అంటే నాలుగు సిరాల లెక్కకి మార్చే బటన్ నొక్కేసి ప్రెస్‌కి పంపితే, సాఫ్ట్‌వేర్ తన లెక్కలో దగ్గరగా ఉన్న రంగేదో పెట్టేస్తుంది. ఆ మార్పు జరిగాక డిజైనర్ దాన్ని మళ్లీ చూసుకోవాలి. మా ఫైల్‌ని ఎవరూ చూడలేదు.

ఇక ఆ రంగు బోర్డులోకి ఎలా వచ్చిందో చూడండి. పువ్వు ఫొటో మీద ఐడ్రాపర్ (ఫొటోలోంచి రంగు తీసుకునే సాధనం) పెట్టి ఒక చుక్క తీసుకున్నారు. ఒక్క రేకు ఫొటోలోనే వందల ఛాయలుంటాయి. వాళ్లు తీసింది ఎండ పడి మెరుస్తున్న చోట. పైగా ఆ ఫొటోకి ముందే ఫిల్టర్ వేసి ఉంది. సాయంత్రపు ఎండలో ఏదైనా పసుపు, ఎరుపు వైపే మొగ్గుతుంది, దాని మీద ఫిల్టర్ ఇంకో పొర. పువ్వుకే లేని రంగది, ఇక సిరాకి ఎక్కడి నుంచి వస్తుంది? మన ఫోన్లు తక్కువేం కాదు, చాలా ఫోన్లలో డిస్‌ప్లేని రంగులు ఎక్కువ చేసి చూపించే వివిడ్ మోడ్‌లోనే పెట్టి అమ్ముతారు. రాత్రిపూట కళ్లకి మంచిదని స్క్రీన్‌ని పసుపుగా మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మరీ అన్యాయం. అలాంటి వేళల్లోనే బోర్డు పంపి "ఓకేనా మేడం, త్వరగా చెప్పండి" అంటారు.

రంగు గడి కింద ఉన్న నంబర్ గురించి అడిగాను. "అది పాంటోన్ రంగు మేడం, ప్రపంచమంతా ఒకటే ఉంటుంది" అన్నారు. పాంటోన్ అంటే రంగులకి ప్రామాణిక నంబర్లిచ్చే సంస్థ. బోర్డు మీద ఉన్నది 16-1546, లివింగ్ కోరల్, ఆ సంస్థ 2019 సంవత్సరపు రంగుగా ప్రకటించినది. వినడానికి గట్టి మాటే. కానీ ఆ రకం నంబరు బట్టలు, ఇంటి అలంకరణ వస్తువుల వాళ్ల పద్ధతిలోది. ప్రింటింగ్ సిరాల పుస్తకం వేరు, అందులో నంబర్లు వేరే తీరులో ఉంటాయి. ఆ పుస్తకంలో కూడా నంబరు చివర సి ఉంటే నున్నటి పూత ఉన్న కాగితం మీద, యు ఉంటే పూత లేని కాగితం మీద. ఒకే సిరాని రెండింటి మీదా వేసి పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కూడా ఉండవు, కొన్ని రంగులైతే మరీను. ఇంకోటి. పాంటోన్ రంగు అంటే ఆ రంగు సిరాని విడిగా కలిపి యంత్రంలో పోయాలి. డిజిటల్ ప్రెస్‌లో కొద్ది కార్డులు వేయించుకునే మనలాంటివాళ్ల ఆర్డర్‌కి మామూలుగా ఎవరూ అలా చేయరు. అదీ మళ్లీ నాలుగు సిరాల్లోకే దిగుతుంది. నంబరు చూపించి నోరు మూయించడమే తప్ప ఇంకేం లేదు అందులో.

కాగితం సంగతి కూడా చెప్పాలి. మాకు గరుకుగా, చేత్తో చేసిన కాగితంలా ఉండే మీగడ రంగు కాగితం సిఫారసు చేశారు, అది ఖరీదెక్కువ. పూత లేని కాగితం సిరాని పీల్చేస్తుంది, చుక్కలు విచ్చుకుని రంగు ముదిరి మొద్దుబారుతుంది. మామూలు ప్రింటింగ్‌లో తెలుపు సిరా ఉండదు కాబట్టి కాగితం రంగే తెలుపు స్థానంలో నిలబడుతుంది. కాగితం మీగడ రంగైతే లేత రంగులన్నిటికీ ఆ పసుపు అంటుకుంటుంది. ఉల్లిపొర రంగు పీచ్ అయిపోతుంది, లేత నీలం కాస్త ఆకుపచ్చగా తిరుగుతుంది. ముదురు రంగు కవర్ల మీద లేత రంగు పూలు వేస్తామని ఎవరైనా అంటే, తెలుపు సిరా ఉన్న యంత్రం ఉందా అని అక్కడే అడగండి. బంగారు రంగుదీ ఇదే కథ. స్క్రీన్ మీద పసుపు నుంచి గోధుమ రంగుకి మారుతూ మెరుపులా కనిపించేది కేవలం బొమ్మ. అచ్చులో అలా మెరవాలంటే మామూలుగా ఫాయిల్ (మెరిసే పలచటి రేకు) అద్దాలి, దానికి చాలాసార్లు విడిగా డై (అచ్చు దిమ్మ), విడిగా ఖర్చు. మా కొటేషన్‌లో "గోల్డ్ టెక్స్ట్" అని రాశారు. ఫాయిల్ అని ఎక్కడా రాయలేదు, అదీ తెలివి.

పూల దగ్గరికి వద్దాం. రంగు విషయంలో నిర్లక్ష్యం అని సరిపెట్టుకోవచ్చేమో గానీ, పూల విషయంలో చేసింది పచ్చి మోసం.

లిల్లీ చూడగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. లిల్లీకి ఆరు రేకులు, లోపల ఆరు కేసరాలు ఉంటాయి. మా కార్డు మీద ఒక పువ్వుకి ఐదు, పక్క పువ్వుకి ఏడు. కేసరాలు మధ్యలోంచి కాక ఒక రేకు మీద నుంచే మొలిచినట్టున్నాయి. ఒక కాడ సగం దూరం వెళ్లి గులాబీ ఆకు వెనక మాయమైంది, రెండో వైపు బయటికి రాలేదు. బ్రష్ పట్టుకుని పువ్వుని చూస్తూ వేసే మనిషి ఇలాంటివి వేయరు. ఏఐతో తయారైన బొమ్మల్లో ఇవి మామూలే. వాడకూడదని నేననను. చేత్తో వేశామని చెప్పి, ఆ పనికి తగ్గ డబ్బు తీసుకుని వాడటమే తప్పు.

గులాబీ ఇంకా చిత్రం. అది మాత్రం అద్భుతంగా ఉంది, అందుకే అనుమానం వచ్చింది. ఫైల్ పెద్దది చేసి చూస్తే రేకుల నీడల్లో బ్రష్ గీతలు లేవు, సన్నటి చుక్కలున్నాయి. రెండు రేకుల మధ్య సందులో పాత కాగితపు పసుపు తునక ఒకటి అలాగే మిగిలిపోయింది, కత్తిరించినప్పుడు తుడవడం మర్చిపోయారు. ఇమేజ్ సెర్చ్‌లో పెడితే పియేర్ జోసెఫ్ రెడూతే వేసిన గులాబీ అని తేలింది. ఆయన 1759లో పుట్టి 1840లో పోయిన చిత్రకారుడు. ఆయన గులాబీల బొమ్మలు 1817 నుంచి 1824 వరకు అచ్చయ్యాయి. రాగి రేకు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి రంగులతో అద్దేవారు, ఆ చుక్కలే నాకు కనిపించినవి. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి వాటిని ఎవరైనా వాడుకోవచ్చు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ లాంటి చోట్ల పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లోని బొమ్మలు బోలెడు ఉచితంగా దొరుకుతాయి. పూల కోసం వెతికేవాళ్లకి అదో నిధి, వెళ్లి చూడండి. మా చెల్లి కూడా "రెడూతే గులాబీ అని చెప్పి పెట్టుంటే ఇంకా సంతోషించేదాన్ని" అంది. కానీ మాకు చెప్పింది "మా ఆర్టిస్ట్ మీ కోసమే వేసింది" అని.

ఆకులు, మొగ్గలు మార్కెట్లో అమ్మే రెడీమేడ్ బొమ్మల (క్లిప్ ఆర్ట్) సెట్‌లోవి. అదే గుత్తి ఒక సబ్బు రేపర్ మీద, ఎవరివో పుట్టినరోజు కార్డుల మీద కూడా కనిపించింది. ఇలాంటి సెట్లు కొన్నవాళ్లందరికీ వాడుకునే హక్కు ఉంటుంది తప్ప ఎవరికీ ప్రత్యేకంగా రాసివ్వరు. కాబట్టి "మీ కార్డుకి తప్ప ఎక్కడా వాడం" అనే మాట ఇవ్వడానికే వాళ్లకి హక్కు లేదు.

ఇవన్నీ స్క్రీన్‌షాట్లతో సహా పంపాను. మొదట "మా ఆర్టిస్ట్‌ని కనుక్కుంటాం" అన్నారు, తర్వాత "ఇన్‌స్పిరేషన్ తీసుకున్నాం" అన్నారు, ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ అయింది. పైసా వెనక్కి రాలేదు.

వాళ్ల పాత పనుల ఫొటోలు మళ్లీ తీసి చూస్తే ఇంకో విషయం బయటపడింది. అన్ని కార్డులూ ఒకే పాలరాతి బల్ల మీద, ఒకే కోణంలో, ఒకే ఆకు నీడ కింద ఉన్నాయి. అవి కార్డుల ఫొటోలు కావు, మాకప్‌లు. రెడీమేడ్ ఫొటోలో డిజైన్‌ని అతికిస్తారు. లక్క ముద్ర, రిబ్బన్, కవర్ లోపలి పూల లైనింగ్ అన్నీ ఆ ఫొటోతో వచ్చినవే. అచ్చైన కార్డుని చేత్తో పట్టుకుని తీసిన ఫొటోనో వీడియోనో అడగండి. అది లేనివాళ్లు నిజంగా ఎన్ని కార్డులు అచ్చు వేయించారో మీరే ఊహించుకోండి.

అడ్వాన్స్ కట్టే ముందు అడగాల్సింది ముఖ్యంగా ప్రూఫ్. పీడీఎఫ్ కాదు. ఏ కాగితం, ఏ యంత్రం వాడబోతున్నారో అదే కాగితం మీద, అదే యంత్రంలో తీసిన ఒక్క కార్డు. దానికి విడిగా డబ్బు అడిగినా ఇచ్చేయండి. అది చేతికొచ్చాక పగటిపూట కిటికీ దగ్గర చూడండి, రాత్రి ఇంట్లో లైట్ కింద కూడా చూడండి. రెండు రంగులు ఒక వెలుతురులో ఒకేలా ఉండి ఇంకో వెలుతురులో విడిపోవడం మామూలు. ప్రెస్ వాళ్లు రంగు సరిచూసుకోవడానికి పగటి వెలుతురుని పోలిన 5000 కెల్విన్ లైటు వాడేది అందుకే. నచ్చితే ఆ ప్రూఫ్ మీద సంతకం చేసి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. దానితో పోలకపోతే మళ్లీ అచ్చు ఖర్చు ఎవరిదో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట గాల్లో పోతుంది.

రంగు ఎంచుకోవడానికి ఫోన్ ఫొటో నమ్మకండి. నిజం పువ్వునో, చీర అంచు ముక్కనో పట్టుకుని ప్రెస్‌కి వెళ్లి సిరాల పుస్తకం పక్కన పెట్టి చూడండి. పువ్వు తాజాగా ఉండగానే చూడాలి. వాడిపోయే కొద్దీ ఎర్ర గులాబీ నీలిచాయలోకి దిగుతుంది, మందారమైతే సాయంత్రానికే ముడుచుకుపోతుంది. పూలు చేత్తో వేస్తామనేవాళ్లని మొదటి పెన్సిల్ స్కెచ్, కాగితం మీదున్న అసలు బొమ్మ ఫొటో అడగండి. నిజంగా వేసేవాళ్లు గర్వంగా చూపిస్తారు. ఫైల్ సైజు కూడా చూసుకోండి. 5 అంగుళాలు, 7 అంగుళాల కార్డుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కనీసం 1500, 2100 పిక్సెళ్లు ఉండాలి, కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఫైల్ చేతిలో ఉంటే పూర్తిగా ఆశ వదులుకోకండి. మా ఫైల్‌ని ప్రెస్ అతనే చాలావరకు కాపాడాడు. కనకాంబరంలో సాఫ్ట్‌వేర్ దూర్చిన సయాన్‌నీ నలుపునీ తీసేసి మజెంటా, పసుపు మాత్రమే ఉంచాడు. నారింజ జాతి రంగుల్లో సయాన్ కాస్త పడినా మాసిపోతుందట. గరుకు కాగితం మానేసి నున్నటి తెల్ల కాగితం వేశాడు. లిల్లీలు మొత్తం తీసేయించాం, రెడూతే గులాబీని పసుపు తునక తుడిపించి అలాగే ఉంచాం. బోర్డు మీద ఉన్నంత వెలుగు రాలేదు గానీ ఇటుక రంగు పోయింది, చెల్లి అవే పంచింది. పూలు, అక్షరాలు విడివిడి పొరలుగా (లేయర్లుగా) ఉన్న ఒరిజినల్ ఫైల్ మా దగ్గర ఉండబట్టే ఇదంతా కుదిరింది. కాబట్టి చివరి వాయిదా కట్టే ముందు ఆ ఫైల్ తీసుకోండి, ఉత్త జేపీజీ ఇస్తామంటే ఒప్పుకోకండి.