పైథాన్ 2, పైథాన్ 3: ఏది మేలు?

పాత కోడ్ మార్పులు లేకుండా నడవకపోయినా సరే, మొదటి నుంచీ ఉన్న లోపాలను సరిదిద్దాలన్న నిర్ణయంతో 2008 డిసెంబరులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మూడో వెర్షన్, పైథాన్ 3ను విడుదల చేశారు. అందుకే చాలా మంది ఏళ్ల తరబడి పైథాన్ 2లో చివరిదైన 2.7ను వదల్లేదు. 2015లో ముగియాల్సిన దాని మద్దతును 2020 జనవరి 1 దాకా పొడిగించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన 2.7.18తో పాత శాఖ ఆగిపోయింది. అయినా పాత కోడ్ ఇంకా అక్కడక్కడా నడుస్తూనే ఉంది కనుక, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరమే.

తెలుగు పాఠ్యంతో పని చేసేవారికి అన్నిటికన్నా పెద్ద తేడా, పాఠ్యాన్ని దాచే డేటా రకమైన స్ట్రింగ్‌లో ఉంది. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) ఫైలులో మామూలు కొటేషన్ల మధ్య "తెలుగు" అని రాసి పొడవు అడిగితే పైథాన్ 2 సాధారణంగా 18 అంటుంది, పైథాన్ 3 మాత్రం 6 అంటుంది. మొదటిది బైట్లను లెక్కిస్తే, రెండోది యూనికోడ్ సంకేతాలను, అంటే ఒక్కో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడిగా ఇచ్చిన సంఖ్యలను, లెక్కిస్తుంది. పైథాన్ 2లో యూనికోడ్ స్ట్రింగ్ అనే వేరే రకం లేకపోలేదు, కానీ బైట్ల స్ట్రింగ్‌ను దానితో కలిపినప్పుడు ఆ బైట్లను యాస్కీగా (ఇంగ్లీషు అక్షరాలకే చోటున్న పాత సంకేత పద్ధతిగా) భావించి తనంతట తానే మార్చేసేది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినంత కాలం అంతా సవ్యంగా నడిచి, మొదటి తెలుగు పేరు రాగానే ప్రోగ్రాం కూలిపోయేది. పైథాన్ 3 పాఠ్యాన్నీ బైట్లనూ విడదీసింది. రెంటినీ కలపబోతే, అందులో ఉన్నది ఏ భాషైనా, వెంటనే ఎర్రర్ ఇస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, తెలుగువారు పైథాన్ 3ను ఎంచుకోవడానికి.

అలాగని అక్షరం సంగతి పూర్తిగా తేలిపోలేదు. మన కంటికి మూడు అక్షరాలుగా కనిపించే ఆ మాటను పైథాన్ 3లో తిరగేస్తే, మొదట ఆధారం లేని ఒక కొమ్ము, దాని వెనుక "గులెత" వస్తాయి: "తె"లోని ఎత్వం "ల" మీదికి పోయి, "త" ఒంటరిగా మిగులుతుంది. గుణింతం చెడకుండా అక్షరాలను విడదీయాలంటే ఇప్పటికీ రెజెక్స్ వంటి వేరే లైబ్రరీ (ఇతరులు సిద్ధంగా రాసిపెట్టిన కోడ్) కావాలి.

పోలికల విషయంలో పాత వెర్షన్‌ది అనవసరమైన ఉదారత. ఫైలు నుంచి చదివిన మార్కులను అంకెలుగా మార్చడం మరచిపోయి, "12" అనే స్ట్రింగ్ 35 కన్నా ఎక్కువా అని అడిగితే పైథాన్ 2 అవుననే చెబుతుంది, ఎందుకంటే దాని దృష్టిలో ఏ స్ట్రింగ్ అయినా ఏ సంఖ్య కన్నా పెద్దదే. ఆ ప్రోగ్రాంలో పరీక్ష తప్పే విద్యార్థి ఉండడు! పైథాన్ 3 అదే వరుస దగ్గర ఆగి, తప్పును అక్కడే చూపిస్తుంది.

పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు ప్రింట్‌కు బ్రాకెట్లు లేకపోవడం వంటివి భయపడాల్సినవి కావు, అవి ఎర్రర్ రూపంలో తామే బయటపడతాయి. చడీచప్పుడు లేకుండా జవాబును మార్చేవే ప్రమాదం. ఆరు సబ్జెక్టుల మొత్తం 437ను 6తో భాగిస్తే పైథాన్ 2 దశాంశాన్ని కత్తిరించి 72 ఇస్తుంది, పైథాన్ 3 సుమారు 72.83 ఇస్తుంది, 2.5ను రౌండ్ చేస్తే పాతది 3 అని, కొత్తది దగ్గరి సరిసంఖ్యను తీసుకుని 2 అని చెబుతుంది. డబ్బు, మార్కుల లెక్కలుండే కోడ్‌లో ఇలాంటి వరుసలను మనిషే కూర్చుని చూడాలి.

వేగంలో 3.0 కాస్త వెనకబడిన మాట నిజమే, కానీ 2022లో వచ్చిన 3.11 ఒక్కటే 3.10 కన్నా సగటున 25 శాతం వేగం పెంచింది కనుక ఆ అభ్యంతరం ఇప్పుడు నిలవదు.

పాత లైబ్రరీ తప్ప మరొకటి లేని ప్రయోగశాల పరికరానికి కట్టుబడి, ఇంటర్నెట్‌తో సంబంధం లేని కంప్యూటర్‌లో మాత్రమే 2.7ను ఉంచుకోవడం సమంజసం. తక్కినవారు మార్పును వాయిదా వేసేకొద్దీ సాధనాలు తగ్గిపోతాయి: పాత కోడ్‌ను చాలావరకు తానే మార్చిపెట్టే 2టు3 సాధనాన్ని 3.13 నుంచి తొలగించారు కనుక, ఆ పనికి 3.12ను గానీ అంతకన్నా ముందుదాన్ని గానీ పెట్టుకోవాలి.